లైటు వెలుగుతోంది, టీవీ పలకడం లేదు
పాఠకుల ప్రశ్నలు – నిపుణుల జవాబులు

ఈ విడత ప్రశ్నలన్నీ ఒకే ఫిర్యాదు చుట్టూ తిరిగాయి. టీవీకి కరెంటు అందుతోంది, లైటు వెలుగుతోంది, కానీ బొమ్మా లేదు, మాటా లేదు. దీనికి కారణాలు అరడజను పైనే ఉంటాయి. బోర్డు కొనే ముందు టీవీ ఏ మెట్టు మీద ఆగిపోయిందో తేల్చుకుంటే ఖర్చులో చాలా భాగం తప్పుతుంది. అందుకే ప్రతి జవాబులోనూ కొత్త భాగం పేరు చెప్పే ముందు ఆ గుర్తు పట్టే పద్ధతి చెప్పాం.

ప్రశ్న: మా ఎల్‌ఈడీ టీవీకి స్విచ్చి వేస్తే ఎర్ర లైటు వస్తుంది. రిమోట్ నొక్కితే లైటు రంగు మారుతుంది గానీ తెర నల్లగానే ఉంటుంది, శబ్దమూ లేదు. మెకానిక్‌ను పిలిచే ముందు ఇంట్లో తేల్చుకోదగ్గవి ఏమైనా ఉన్నాయా?

జవాబు: ఉన్నాయి, చాలానే ఉన్నాయి. ఎర్ర లైటు వెలిగినంత మాత్రాన టీవీ బాగున్నట్టు కాదు. సప్లై బోర్డులో (కరెంటును మార్చి టీవీకి అందించే బోర్డు) స్టాండ్‌బై భాగం, అంటే టీవీ ఆపి ఉన్నా రిమోట్ కోసం మేలుకుని ఉండే భాగం, ఒక్కటి బతికి ఉందని మాత్రమే దాని అర్థం. మీ టీవీలో రిమోట్‌కు లైటు మారుతోంది కాబట్టి ఇంకో సంగతి కూడా తెలిసింది: రిమోట్ బాగానే ఉంది, దాని మాట వినే చిప్పు కూడా మేలుకునే ఉంది. ఆ తర్వాతే ఎక్కడో ఆగింది.

ముందు టీవీకి తగిలించినవన్నీ తీసేయండి. హెచ్‌డీఎంఐ, యాంటెన్నా, పెన్‌డ్రైవ్, నెట్ కేబుల్, సౌండ్‌బార్ తీగ, ఏదీ ఉంచొద్దు. ప్లగ్గు కూడా పీకి, టీవీకే ఉండే పవర్ బటన్‌ను 30 సెకన్లు నొక్కి పట్టుకోండి. తర్వాత 5 నిమిషాలు వదిలేయండి. కెపాసిటర్లలో మిగిలిన చార్జి దిగిపోతుంది, చిప్పు మళ్లీ మొదటినుంచి మొదలవుతుంది. కరెంటు పోయి వచ్చిన క్షణంలో బిగుసుకుపోయిన టీవీలు దీంతోనే తేరుకోవడం కద్దు. తిరిగి పెట్టేటప్పుడు ప్లగ్గును నేరుగా గోడ సాకెట్లో పెట్టండి. మధ్యలో స్టెబిలైజరు, ఎక్స్‌టెన్షన్ బోర్డు ఉంటే వాటి లోపం టీవీ మీద పడుతుంది.

ఇప్పుడు గదిలో లైట్లు ఆపి, తెర మీద కళ్లు పెట్టి ఆన్ చేయండి. మొదటి 10 సెకన్లు కీలకం. తెర నలుపు రెండు రకాలు. ఒకటి బొగ్గు నలుపు: ఆన్ చేయక ముందు ఎలా ఉందో, చేశాకా అలాగే ఉంటుంది. రెండోది లేత బూడిద నలుపు: తెర అంచుల్లో పలచటి వెలుగు కనిపిస్తుంది, వెనక జాలీ రంధ్రాల్లోంచి కూడా కాంతి తెలుస్తుంది. రెండోదైతే బ్యాక్‌లైట్, అంటే తెర వెనకుండే వెలుగు, వెలిగింది, బొమ్మ మాత్రం రావడం లేదు. మొదటిదైతే ఒక టార్చిని తెరకు దగ్గరగా, ఏటవాలుగా పట్టుకుని మెనూ బటన్ నొక్కండి. నీడలాగా అక్షరాలు కనిపిస్తే ప్యానెల్ (బొమ్మ వచ్చే తెర), మెయిన్ బోర్డు (టీవీని నడిపే ప్రాసెసర్ ఉన్న బోర్డు) రెండూ పనిచేస్తున్నట్టే, పోయింది బ్యాక్‌లైట్. అప్పుడు శబ్దం కూడా రావాలి. రాకపోతే వాల్యూమ్, మ్యూట్, ఆడియో అవుట్‌పుట్ సెట్టింగ్ చూడండి. శబ్దాన్ని బ్లూటూత్‌కో ఆప్టికల్‌కో మళ్లించి మరిచిపోయిన టీవీ స్పీకరు ఎంతకీ పలకదు.

చెవి కూడా పెట్టండి. కొన్ని సెట్లలో ఆన్ అయ్యేటప్పుడు రిలే (లోపలి విద్యుత్ స్విచ్చి) ఒకసారి 'టక్' మంటుంది, స్పీకరులోనూ సన్నటి చప్పుడు వస్తుంది. అది వినిపించి, తెర బూడిద నలుపులో ఉండిపోతే టీకాన్ (మెయిన్ బోర్డు పంపే బొమ్మను ప్యానెల్‌కు అందించే చిన్న బోర్డు) వైపో ప్యానెల్ వైపో అనుమానించండి. ఏ చప్పుడూ లేక, తెర బొగ్గు నలుపుగా ఉండి, టార్చికీ ఏమీ కనిపించకపోతే మెయిన్ బోర్డు లేవలేదు, లేదా దానికి అందాల్సిన 12 వోల్టులు అందలేదు. ఈ గమనింపులన్నీ ఒక కాగితం మీద రాసి మెకానిక్‌కు ఇవ్వండి, ఆయన పని సగం తగ్గుతుంది.

ప్రశ్న: రిమోట్‌లో మెనూ నొక్కితే తెర మీద వస్తుంది. కానీ సెట్‌టాప్ బాక్సు పెట్టిన పోర్టుకు మారితే నల్లటి తెర, మాట లేదు. 'సిగ్నల్ లేదు' అని కూడా చూపించదు.

జవాబు: మెనూ వచ్చిందంటే టీవీ ఆరోగ్యంగా ఉంది, దయచేసి వెనక స్క్రూలు ముట్టుకోకండి. 'సిగ్నల్ లేదు' అనకపోవడమే ఇక్కడ ఆధారం. ఏదో సిగ్నల్ వస్తోంది, టీవీకి అది అర్థం కావడం లేదు. బాక్సు 4కే బొమ్మను సెకనుకు 60 ఫ్రేముల చొప్పున పంపితే పాత టీవీలు, పాత కేబుళ్లు తట్టుకోలేవు. బాక్సును ఇంకో టీవీకి తగిలించి రిజల్యూషన్‌ను 1080కో 720కో తగ్గించి వెనక్కి తెచ్చి పెట్టండి. కేబుల్ మార్చండి, టీవీలో రెండో హెచ్‌డీఎంఐ పోర్టు ప్రయత్నించండి. బొమ్మ వచ్చి మాట ఒక్కటే రాకపోతే బాక్సు ఆడియో సెట్టింగ్‌ను పీసీఎంకు (కుదించని మామూలు డిజిటల్ శబ్దం) మార్చండి. డాల్బీ రూపంలో పంపిన శబ్దాన్ని విప్పలేని టీవీలు మౌనంగా ఉండిపోతాయి.

ప్రశ్న: నాకు మల్టీమీటర్ వాడటం వచ్చు, సోల్డరింగ్ కూడా వచ్చు. వెనక మూత తీసి సప్లై బోర్డు బాగుందో లేదో ఎలా తేల్చుకోవాలి? ఏ పాయింటు దగ్గర ఎన్ని వోల్టులు ఉండాలి?

జవాబు: మీటరు వాడటం వచ్చినా ముందు ఈ జాగ్రత్త చదవండి. సప్లై బోర్డు మీద ఒక మందపాటి గీత గీసి ఉంటుంది. గీతకు ఒకవైపు హాట్, అంటే మెయిన్స్‌తో నేరుగా సంబంధమున్న భాగం. రెండో వైపు కోల్డ్. హాట్ భాగంలో ఉండే పెద్ద కెపాసిటర్‌లో ప్లగ్గు తీశాక కూడా చార్జి నిలిచి ఉండొచ్చు. 230 వోల్టుల సరఫరాకు దాని మీద సుమారు 325 వోల్టుల డీసీ ఉంటుంది. పీఎఫ్‌సీ (పవర్ ఫ్యాక్టర్ సరిదిద్దే) సర్క్యూట్ ఉన్న పెద్ద టీవీల్లో అది 380 నుంచి 400 దాకా పోతుంది. ప్లగ్గు పీకాక ఆ కెపాసిటర్ రెండు కాళ్ల మీద మీటరు పెట్టి చూడండి. చార్జి ఉంటే 2 కిలో ఓముల, 10 వాట్ల రెసిస్టర్‌ను ఇన్సులేషన్ ఉన్న ప్లయర్‌తో పట్టుకుని ఐదారు సెకన్లు ఆనించి, మళ్లీ కొలవండి. స్క్రూడ్రైవర్‌తో షార్ట్ చేసే అలవాటు మానుకోవాలి. నిప్పురవ్వలు ఎగిరి ట్రాక్ లేచిపోతుంది, కెపాసిటర్ కూడా దెబ్బతింటుంది.

కొలిచేటప్పుడు నల్ల ప్రోబ్ ఎక్కడ పెట్టామన్నది ముఖ్యం. కోల్డ్ వైపు కొలతలకు టీవీ ఛాసిస్ రేకు గానీ, ట్యూనర్ డబ్బా గానీ గ్రౌండు. హాట్ వైపు కొలతకు పెద్ద కెపాసిటర్ నెగటివ్ కాలు గ్రౌండు. ఇవి తారుమారు చేస్తే లెక్కలు తప్పుతాయి, తప్పు చోట తగిలితే బోర్డు కాలుతుంది. ప్రోబ్ క్లిప్పు వాడి, ఒక చేయి వెనక్కి పెట్టుకుని పనిచేయండి.

సప్లై నుంచి మెయిన్ బోర్డుకు పోయే కనెక్టర్ పక్కనే పిన్నుల పేర్లు ముద్రించి ఉంటాయి. మొదట స్టాండ్‌బై పిన్ను చూడండి. ఎక్కువ సెట్లలో 5 వోల్టులు, కొన్నింట్లో 3.3 వోల్టులు. 5 ఉండాల్సిన చోట 4.2, 3.8 అని ఊగుతుంటే లైటు వెలుగుతుంది గానీ ప్రాసెసర్ లేవదు. మీ ఫిర్యాదుకు ఇది చాలా తరచుగా కనిపించే కారణం. స్టాండ్‌బై సరిగ్గా ఉంటే రిమోట్ నొక్కి, పవర్ ఆన్ అని రాసిన పిన్ను చూడండి. అది 0 నుంచి 2.5 – 5 వోల్టుల మధ్యకు లేవాలి. లేవలేదంటే మెయిన్ బోర్డు అడగడమే లేదు, సప్లైది తప్పు కాదు. లేచినా 12 వోల్టులు రాలేదంటే సప్లైదే తప్పు. బ్యాక్‌లైట్ ఆన్ పిన్ను, డిమ్మింగ్ పిన్ను కూడా ఇలాగే. కొన్ని నమూనాల్లో పవర్ ఆన్ పిన్ను తలకిందులుగా పనిచేస్తుంది, నొక్కగానే 5 నుంచి 0కు దిగుతుంది. కాబట్టి మార్పును చూడండి, అంకెను కాదు. విడిగా స్టాండ్‌బై లేకుండా ప్లగ్గు పెట్టగానే 12 వోల్టులు ఇచ్చేసే సప్లైలూ ఉన్నాయి. చిన్న టీవీల్లో సప్లై, మెయిన్ రెండూ ఒకే బోర్డు మీద ఉంటాయి, అప్పుడు ఈ కనెక్టరే ఉండదు.

12 వోల్టులు వచ్చినట్టే వచ్చి పడిపోతుంటే సప్లై బలహీనమా, అవతల షార్ట్ ఉందా అన్న అనుమానం వస్తుంది. మెయిన్ బోర్డు కేబుల్ పూర్తిగా తీసి, స్టాండ్‌బై 5 వోల్టుల నుంచి పవర్ ఆన్ పిన్నుకు 1 కిలో ఓము రెసిస్టర్ వేయండి. సప్లై దానంతటదే లేవాలి. అప్పుడు 12 వోల్టుల లైనుకు 12 వోల్టుల 10 వాట్ల వాహనం బల్బు తగిలించండి. అది సుమారు 0.8 ఆంపియర్లు లాగుతుంది. బల్బు నిలకడగా వెలిగి, మీటరు 12 దగ్గరే నిలిస్తే సప్లై బాగుంది. అంతకంటే పెద్ద బల్బు పెట్టొద్దు. చల్లటి ఫిలమెంటు మొదటి క్షణంలో చాలా ఎక్కువ కరెంటు లాగి సప్లైలోని రక్షణను పనిచేయిస్తుంది, బాగున్న బోర్డును మీరు చెడిందనుకుంటారు.

స్టాండ్‌బై కూడా లేకపోతే ఫ్యూజు చూడండి. గాజు లోపల నల్లగా మాడి ఉంటే గట్టి షార్ట్ ఉన్నట్టే. బ్రిడ్జి డయోడ్లు, మాస్‌ఫెట్ (స్విచ్చిలా పనిచేసే ట్రాన్సిస్టర్), ఫ్యూజు పక్కనుండే గుండ్రటి బిళ్లలాంటి వారిస్టర్ కొలవాలి. ఫ్యూజు వేసేటప్పుడు అదే ఆంపియర్లది, అదే రకంది వేయండి. మొదటిసారి స్విచ్చి వేసేటప్పుడు మెయిన్స్‌కు వరసలో 60 లేదా 100 వాట్ల పాత ఫిలమెంటు బల్బు, అదే సిరీస్ బల్బు, పెట్టండి. ఒక్కసారి మెరిసి మసకబారితే మంచిదే. నిండుగా వెలుగుతూ ఉండిపోతే షార్ట్ ఇంకా పోలేదు, ఆపేయండి.

ప్రశ్న: టీవీ స్విచ్చి వేశాక 10 – 15 నిమిషాలకు గానీ రావడం లేదు. ఈలోగా లోపల 'టిక్ టిక్' మంటుంది. ఒకసారి వస్తే రోజంతా బాగుంటుంది.

జవాబు: ఇంత స్పష్టమైన లక్షణం తక్కువగా దొరుకుతుంది. సప్లై బోర్డు కోల్డ్ వైపున్న ఎలక్ట్రోలిటిక్ కెపాసిటర్లు ఎండిపోతున్నాయి. లోపలి ద్రవం తగ్గితే కెపాసిటర్ అంతర్గత నిరోధం పెరుగుతుంది, చల్లగా ఉన్నప్పుడు మరీ ఎక్కువ. వోల్టేజీ నిలబడక సప్లై లేచి పడుతూ ఉంటుంది, ఆ టిక్ టిక్ అదే. వేడెక్కాక నిరోధం తగ్గి టీవీ అందుకుంటుంది. ఆలస్యం రోజురోజుకీ పెరిగి, చివరికి ఒకరోజు అసలే రాదు.

మూత తీసి చూస్తే కెపాసిటర్ తల మీద గీతలున్న రేకు ఉబ్బి ఉంటుంది. వేలు ఆనిస్తే చదునుగా కాక చిన్న గుమ్మటంలా తగులుతుంది (ప్లగ్గు పీకి, చార్జి దింపాకే ముట్టుకోండి). కొన్ని అడుగున కారి, బోర్డు మీద గోధుమరంగు మరక వదులుతాయి. ఉబ్బకుండానే చెడేవీ ఉంటాయి, వాటిని ఈఎస్ఆర్ (ఆ అంతర్గత నిరోధం) కొలిచే మీటరే పట్టుకుంటుంది. మీటరు లేకపోతే హెయిర్ డ్రయ్యర్‌తో కోల్డ్ వైపు కెపాసిటర్లను నిమిషంపాటు, దూరం నుంచి వెచ్చబెట్టి ఆన్ చేయండి. వెంటనే లేస్తే దొంగ దొరికినట్టే.

మార్చేటప్పుడు మైక్రోఫారడ్లు అంతే ఉండాలి, వోల్టులు అంతే లేదా ఒక మెట్టు ఎక్కువ ఉండొచ్చు. 1000 మైక్రోఫారడ్ల 10 వోల్టుల దాని స్థానంలో 16 వోల్టులది వేయడం మంచిదే, చోటు పడితే. 105 డిగ్రీలకు తట్టుకునే తక్కువ ఈఎస్ఆర్ రకమే వేయండి. మామూలు 85 డిగ్రీలవి కొన్ని నెలలకే మళ్లీ అదే కథ తెస్తాయి. నెగటివ్ చార ఏ వైపుందో పాతది తీయకముందే ఫోటో తీసుకోండి. ఒకటి ఉబ్బితే దాని పక్కవాటినీ మార్చేయండి, అదే వేడిలో అదే కాలం గడిపాయి అవి.

ప్రశ్న: మెకానిక్ చూసి ప్యానెల్ పోయిందన్నారు. ఇంకొకరు మెయిన్ బోర్డు అన్నారు. సప్లై 12 వోల్టులు సరిగ్గానే ఇస్తోంది. ఎవరిని నమ్మాలి?

జవాబు: ఒక్క కేబుల్ తీసి చూస్తే చాలావరకు తేలిపోతుంది. మెయిన్ బోర్డు నుంచి టీకాన్‌కు పోయే వెడల్పాటి కేబుల్‌ను ఎల్‌వీడీఎస్ కేబుల్ అంటారు. ప్లగ్గు పీకి, 5 నిమిషాలు ఆగి, మెయిన్ బోర్డు వైపు కొసను తీయండి. కొన్నింటికి రెండు పక్కల నొక్కులుంటాయి, కొన్నింటికి పైకెత్తే నల్ల పట్టీ ఉంటుంది. బలవంతంగా లాగితే కనెక్టర్ ఊడొస్తుంది. ఇప్పుడు ఆన్ చేయండి. బ్యాక్‌లైట్ వెలిగి, శబ్దం వచ్చిందా? అయితే మెయిన్ బోర్డు నిర్దోషి. టీకాన్‌లోనో ప్యానెల్‌లోనో ఉన్న షార్ట్ 12 వోల్టులను కిందికి లాగేసి అంతటినీ ఆపేస్తోంది.

ఆ కేబుల్ మళ్లీ పెట్టి, ఈసారి టీకాన్ నుంచి ప్యానెల్‌కు పోయే రిబ్బన్లు తీయండి. ప్రతిసారీ ప్లగ్గు పీకాకే. రిబ్బన్లు తీశాక టీవీ నిలబడితే షార్ట్ ప్యానెల్ అంచు బోర్డుల్లో ఉంది. రెండు రిబ్బన్లున్న ప్యానెల్‌లో ఒక్కొక్కటే పెట్టి చూడండి, ఒకవైపు పెడితే సగం బొమ్మ వచ్చి రెండోది పెట్టగానే పడిపోతే తప్పు ఏ సగానిదో తెలుస్తుంది. రిబ్బన్లు తీసినా టీవీ లేవకపోతే తప్పు టీకాన్‌ది. మొత్తం ప్యానెల్ మార్చడం కంటే టీకాన్ మార్చడం చాలా చవక, కాబట్టి ఈ రెండింటి మధ్య తేడా తేలకుండా ఎవరికీ సరే అనకండి.

టీకాన్ మీద కేబుల్ లోపలికొచ్చే చోట ఆవగింజంత ఫ్యూజు ఉంటుంది. దానికి రెండు వైపులా 12 వోల్టులు (చిన్న ప్యానెళ్లలో 5) ఉండాలి. ఒకవైపే ఉంటే ఫ్యూజు పోయింది. అప్పుడు బ్యాక్‌లైట్, శబ్దం ఉండి బొమ్మ మాత్రం ఉండదు. దాన్ని తీగతో కలిపేసే ముందు అవతలివైపు గ్రౌండుకు షార్ట్ ఉందేమో కొలవండి. ఫ్యూజు బాగున్నా టీకాన్ తయారుచేయాల్సిన వోల్టేజీలు లేకపోతే బొమ్మ రాదు. టెస్ట్ పాయింట్ల దగ్గర పేర్లు రాసి ఉంటాయి: వీజీహెచ్ సాధారణంగా 25 – 30 వోల్టుల చుట్టూ, వీజీఎల్ సున్నాకంటే దిగువన 5 – 10 వోల్టులు, ఏవీడీడీ 15 వోల్టుల చుట్టూ. మీ ప్యానెల్‌కు కచ్చితమైన అంకెలు చాలాసార్లు టీకాన్ మీదనో, ప్యానెల్ స్టిక్కర్ దగ్గరో ముద్రించి ఉంటాయి, వాటినే నమ్మండి.

ఇంత శ్రమ పడేముందు రిబ్బన్ కొసలను భూతద్దంలో చూడండి. తేమకు బంగారు పూత మీద పచ్చటి చిలుము పడుతుంది. మెత్తటి రబ్బరుతో రుద్ది, ఐసోప్రొపైల్ ఆల్కహాల్‌తో తుడిచి ఆరాక పెడితే లేచిన టీవీలున్నాయి.

ప్రశ్న: ఆన్ చేస్తే బొమ్మ, మాట రెండూ 2 సెకన్లు వచ్చి రెండూ పోతాయి. మళ్లీ ఎర్ర లైటే. మెయిన్ బోర్డు మార్చినా అంతే.

జవాబు: మెయిన్ బోర్డు అనవసరంగా మారింది, పాతది పారేయకండి. బ్యాక్‌లైట్ పట్టీల్లో ఎల్‌ఈడీలు వరసగా కలిపి ఉంటాయి, పెళ్లిపందిరికి కట్టే సిరీస్ లైట్లలాగా. ఒక్క ఎల్‌ఈడీ తెగితే ఆ వరసంతా చీకటి. డ్రైవర్ సర్క్యూట్ కరెంటు పారడం లేదని గమనించి ఆగిపోతుంది. కొన్ని నమూనాల్లో ఆ సంగతి మెయిన్ బోర్డుకూ చేరుతుంది, అది మొత్తం టీవీనే ఆపేస్తుంది. మీకు శబ్దం కూడా పోతున్నది అందుకే.

బ్యాక్‌లైట్ కనెక్టర్ దగ్గర డీసీ కొలుస్తూ ఆన్ చేయండి. వోల్టేజీ మామూలు కంటే పైకెగిరి, వెంటనే పడిపోతే వరస తెగింది. అస్సలు లేవకపోతే డ్రైవర్ పని చేయడం లేదు. ఎల్‌ఈడీ టెస్టర్‌తో పట్టీలను విడిగా చూడొచ్చు. దాని కొసల మీద రెండు మూడు వందల వోల్టులు రావొచ్చు, చేత్తో తాకొద్దు. ఎల్‌ఈడీల్లో 3 వోల్టులవి, 6 వోల్టులవి అని రెండు రకాలు. పాత పట్టీ మీది నంబరు చూసి అదే కొనండి. పోయిన ఒక్క గింజనే మార్చితే మిగతావి కూడా అదే వయసువి కాబట్టి త్వరలో మళ్లీ విప్పాల్సి వస్తుంది, మొత్తం సెట్టు మార్చండి.

ఈ పనిలో ఎక్కువగా పగిలేది ప్యానెల్ గాజు. ప్యానెల్‌ను ఇద్దరు కలిసి నాలుగు మూలలు సమంగా ఎత్తాలి, అంచునున్న సన్నటి రిబ్బన్లు వంగకూడదు. దాని కింది పల్చటి షీట్ల వరస, ఏ మొహం పైకుందో ఫోటో తీసుకోండి. వాటి మీద పడ్డ వేలిముద్ర తెర మీద మచ్చలా కనిపిస్తూనే ఉంటుంది. కొత్త పట్టీలు వేశాక మెనూలో బ్యాక్‌లైట్‌ను 100 మీద ఉంచకుండా 60 – 70కి తగ్గించండి. పట్టీలను చంపేది వేడే.

ప్రశ్న: లైటు 6 సార్లు మెరిసి ఆగి, మళ్లీ 6 సార్లు మెరుస్తోంది. ఏమిటర్థం?

జవాబు: టీవీ తన జబ్బు తనే చెబుతోంది. కానీ ఆ భాష కంపెనీకో రకం, ఒకే కంపెనీలో నమూనాకో రకం. ఒక సెట్లో 6 అంటే బ్యాక్‌లైట్, ఇంకో సెట్లో ఇంకేదో. ఫోనుతో వీడియో తీసి, నిదానంగా చూసి లెక్కపెట్టండి. వెనక స్టిక్కర్ మీది పూర్తి మోడల్ నంబరుతో సర్వీస్ మాన్యువల్‌లో పట్టిక చూడండి. పట్టిక దొరక్కపోతే పైన చెప్పిన వోల్టేజీ కొలతలతో మొదలుపెట్టండి.

ప్రశ్న: పిడుగు పడ్డ రాత్రి తర్వాత టీవీలో లైటు తప్ప ఏమీ లేదు. సప్లై బాగుందన్నారు. స్టెబిలైజరు ఉన్నా ఎలా పోయింది?

జవాబు: పిడుగు ప్రభావం కరెంటు తీగ నుంచే రావాలని లేదు. డిష్ కేబుల్ నుంచి సెట్‌టాప్ బాక్సుకు, అక్కడినుంచి హెచ్‌డీఎంఐ తీగలోంచి నేరుగా మెయిన్ బోర్డులోకి వస్తుంది. నెట్ కేబుల్ కూడా అలాంటి దారే. స్టెబిలైజరు ఆ దారిలో లేదు.

మెయిన్ బోర్డు మీద చిన్న చిన్న కాయిళ్లు కనిపిస్తాయి. వాటి దగ్గర 5, 3.3, మెమరీకి 1.5 లేదా 1.35, ప్రాసెసర్‌కు 1 వోల్టు చుట్టూ ఉండే లైన్లు దొరుకుతాయి. ఏది లేకపోతే, ప్లగ్గు తీసి, ఆ లైనుకూ గ్రౌండుకూ మధ్య ఓములు కొలవండి. ఇక్కడ చాలామంది పొరబడతారు: ప్రాసెసర్ లైను బాగున్న బోర్డులో కూడా కొద్ది ఓములే చూపుతుంది, అది షార్ట్ కాదు. 3.3 లైను 2 – 3 ఓములు చూపితే అది షార్టే.

హెచ్‌డీఎంఐ పోర్టు వెనక బియ్యపు గింజ కంటే చిన్నవైన రక్షణ భాగాలుంటాయి. పిడుగుకు ముందు బలయ్యేవి అవే. మీటరును డయోడ్ మోడ్‌లో పెట్టి, బాగున్న పోర్టు పిన్నులతో దీని పిన్నులు పోల్చండి. ఒక పిన్ను సున్నా చూపితే ఆ భాగాన్ని తీసేసి మళ్లీ కొలవండి. షార్ట్ పోతే టీవీ లేచే అవకాశముంది. పోకపోతే ప్రాసెసర్ లోపలే దెబ్బ తగిలింది, బోర్డు మార్చడమే.

షార్ట్ ఏ భాగంలో ఉందో కంటికి దొరక్కపోతే బోర్డును టీవీ నుంచి విడదీసి, బెంచ్ సప్లైతో ఆ లైనుకు 1 వోల్టు, 1 ఆంపియర్ పరిమితితో ఇవ్వండి. దాని మీద ఐసోప్రొపైల్ ఆల్కహాల్ పలచగా పూయండి. తడి మెరుపు అంతటా నిలిచి ఉండగా ఒక్క చోట చుక్కంత ప్రాంతం ముందుగా ఆరి మెరుపు లేకుండా కనిపిస్తుంది. అక్కడున్న కెపాసిటరో చిప్పో వేడెక్కుతోంది, షార్ట్ అదే. ఆల్కహాల్ మండేది కాబట్టి మెయిన్స్ తగిలి ఉన్న బోర్డు మీద ఈ పని ఎప్పుడూ చేయొద్దు.

ప్రశ్న: వోల్టేజీలన్నీ సరిగ్గా ఉన్నాయి. ఒక్కోసారి కంపెనీ లోగో వచ్చి ఆగిపోతుంది, ఎక్కువసార్లు అదీ రాదు. సాఫ్ట్‌వేర్ వేయిస్తే బాగవుతుందా?

జవాబు: లోగో దాకా వచ్చి ఆగడం సాఫ్ట్‌వేర్ నిల్వ ఉండే మెమరీ చిప్పు లక్షణమే. ఫైలు పాడైతే మళ్లీ వేస్తే చాలు, చిప్పే అరిగిపోతే వేసినా కొన్నాళ్లకు తిరిగొస్తుంది. 8 లేదా 16 జీబీ పెన్‌డ్రైవ్‌ను ఫ్యాట్32గా ఫార్మాట్ చేసి, ఫైలును ఏ ఫోల్డరులోనూ కాకుండా నేరుగా పెట్టండి, పేరు మార్చొద్దు. పెన్‌డ్రైవ్ తగిలించి, టీవీ పవర్ బటన్ నొక్కి పట్టుకునే ప్లగ్గు పెట్టాలి. చాలా సెట్లలో లైటు వేగంగా మెరవడం మొదలైతే పని జరుగుతున్నట్టు. అప్పుడు కరెంటు పోకూడదు, ఇన్వర్టర్ లైను మీద చేయడం క్షేమం.

ఫైలు టీవీ మోడల్‌కే కాదు, ప్యానెల్ నంబరుకు కూడా సరిపోవాలి. వేరే ప్యానెల్‌ది వేస్తే బొమ్మ తలకిందులుగానో, రెండుగా చీలో, రంగులు తిరగబడో వస్తుంది. అది ప్యానెల్ లోపం కాదు, సరైన ఫైలు వేస్తే సర్దుకుంటుంది. పెన్‌డ్రైవ్‌కు ఏ స్పందనా లేకపోతే చిప్పును తీసి ప్రోగ్రామర్‌లో రాయాల్సిందే. ఆ పరికరాలున్న వాళ్లకే ఇవ్వండి.

ప్రశ్న: ఇంట్లో పాత పిక్చర్ ట్యూబు టీవీ ఉంది. లైటు వెలుగుతుంది, బొమ్మా మాటా లేవు. నేనే చూసుకోవచ్చా?

జవాబు: మూత తీయకుండా చూడగలిగినంత వరకు చూడండి. ఆన్ చేసిన వెంటనే ముంజేతిని తెరకు దగ్గరగా పెట్టండి. వెంట్రుకలు నిక్కబొడుచుకుని సన్నటి చిటపటలు వస్తే ట్యూబుకు హై వోల్టేజీ అందుతోంది. రాకపోతే లైన్ అవుట్‌పుట్ భాగం, అంటే ఆ హై వోల్టేజీ తయారుచేసే భాగం, ఆగింది. ఎక్కువగా అందులోని ట్రాన్సిస్టర్ షార్ట్ అవుతుంది, లేదా ఈహెచ్‌టీ (హై వోల్టేజీ) ట్రాన్స్‌ఫార్మర్ కాళ్ల దగ్గర టంకం చుట్టూ ఉంగరంలా పగులు వస్తుంది. పగులైతే మళ్లీ టంకం పెడితే సరిపోతుంది. ఆ భాగానికి అందాల్సిన ముఖ్య సప్లై, సెట్టును బట్టి, 110 నుంచి 140 వోల్టులు.

అయితే లోపలి పని మీరు చేయొద్దు. కలర్ ట్యూబు పైనుండే రబ్బరు టోపీ కింద 20 వేల వోల్టులకు పైగా ఉంటుంది, ప్లగ్గు తీసి రోజులు గడిచినా కొంత నిలిచి ఉండొచ్చు. ట్యూబు మెడ సన్నటి గాజు, దానికి చేయి తగిలి విరిగితే గాలి ఒక్కసారిగా లోపలికి దూసుకుపోయి ట్యూబు ఎందుకూ పనికిరాకుండా పోతుంది. ఆ సెట్లు బాగుచేసిన అనుభవమున్న మెకానిక్‌ను పిలిచి, చేతి వెంట్రుకల పరీక్షలో ఏం కనిపించిందో చెప్పండి.